మొసలి కన్నీటికి కొత్త అర్థం

ఒక పెద్ద అడవిలో, పేరుకు ప్రజలదే రాజ్యమైన అడవిలో, మకరయ్య అనే మొసలి రేవు కమిటీకి చైర్మన్. రేవులో ఎవరైనా మాయమైతే సంతాపసభలో అందరికంటే ముందు ఏడ్చేది ఆయనే. మాయం చేసేదీ ఆయనే.

ఒకరోజు వనసభలో ఆయన లేచి నిలబడ్డాడు.

“దొంగ ఏడుపు ఏడిస్తే మొసలి కన్నీరు అంటున్నారు. ఇంగ్లీషువాళ్ళు కూడా ఇదే మాట వాడుతున్నారట. ఇది అంతర్జాతీయ కుట్ర. మా జాతి మనోభావాలు దెబ్బతిన్నాయి. అర్థం మార్చాలి.”

“ఏమని మార్చమంటారు సార్?” అంది కార్యదర్శి చిలుక.

“స్వచ్ఛమైన దుఃఖం అని.”

అధ్యక్షుడు ఎలుగుబంటి నిద్రలోనే చెయ్యెత్తాడు. అది చూసి అందరూ ఎత్తారు. ఏనాడూ ఆకలిని రద్దు చేయలేని సభ, ఒక అర్థాన్ని క్షణంలో రద్దు చేసింది. సాయంత్రానికి చిలుక బడిపిల్లల చేత వల్లె వేయించింది: “అమ్మ నాకోసం మొసలి కన్నీరు కార్చింది.”

అది విని చుక్కి అనే లేడికి ఒళ్ళు మండింది. మొన్ననే దాని చెల్లెలు రేవులో పోయింది. ఇప్పుడు దాని పిల్ల దాహంతో నాలుక వేలాడేసింది. నీళ్ళున్నది ఆ రేవులోనే.

చెల్లెలి సంతాపసభలో మకరయ్య భోరుమంటుంటే, చుక్కి కాస్త దూరంగానే నిలబడి అడిగింది.

“అన్నా, నీది నిజమైన ఏడుపేనా?”

“తీర్మానం చూసుకో తల్లీ.”

“అయితే నువ్వు మా ఇంటివాడివే. మాలో దుఃఖం ఉన్నవాళ్ళు పెద్దకర్మ అయ్యేదాకా గడ్డి ముట్టరు.”

“నేను గడ్డి తినను కదమ్మా.”

“నువ్వేం తింటావో అదే ముట్టకు.”

సభంతా చప్పట్లు. కాదంటే కొత్త అర్థం గంగలో కలుస్తుంది. మకరయ్య తలూపాడు. ఆ పూటే చుక్కి పిల్ల, ఆయన ముక్కు ముందు నిలబడి కడుపునిండా నీళ్ళు తాగింది.

పెద్దకర్మ కాకముందే కందిరీగల తాత పోయాడు. తర్వాత ఒక దోమ. తర్వాత ఆ దోమ మేనత్త.

“మావాడికీ ఒక ఏడుపు ఏడ్చిపోండి చైర్మన్ గారూ” అంటూ రేవు దగ్గర జనం బారులు తీరారు. ఏడ్చిన చోటల్లా ఉపవాసమే.

చివరికి తాడులా సన్నబడ్డ మకరయ్య వనసభకు పాక్కుంటూ వచ్చాడు.

“నావన్నీ దొంగ ఏడుపులే. పాత అర్థమే ఖాయం చెయ్యండి బాబూ” అని వెక్కి వెక్కి ఏడ్చాడు.

చిలుక కరిగిపోయింది. “ఈ కన్నీళ్ళు చూశాక అర్థం ఎలా మారుస్తాం సార్? ఇంత స్వచ్ఛంగా ఇంకెవరు ఏడవగలరు?”

నీతి: నాయకుడు ఏడిస్తే అనుమానించకండి, పూర్తిగా నమ్మి, భోజనం ఆపించండి.