ఏ రంగు తీయమంటారు?

"నీళ్లలో ఒక్క చుక్క రంగు మిగిలినా నేను రాజకీయాల్లో మిగలను!" అని జలశుద్ధి మంత్రిగారు ప్రకటించారు. ఇంత పెద్ద మాట అంతకుముందు ఏ మంత్రీ అని ఉండరు. పేపర్లో చదివి అమ్మకు వినిపించాను. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాణ్ణి నేనే కాబట్టి పేపరు చదివే బాధ్యత నాదే.

మా వీధికి ఎగువన అద్దకం మిల్లు ఉంది. కుళాయి తిప్పితే వంకాయరంగు నీళ్లు వస్తాయి. ఆ నీళ్లు పోసుకునే మా అక్క కూతురికి వీపంతా దద్దుర్లు. నేను పనిచేసే ప్రభుత్వ ల్యాబులో సముద్రపు నాచుతో చిన్న గుళికలు చేశాం. రంగునీళ్లలో చెంచాడు వేస్తే రంగును పీల్చేస్తాయి. మంత్రిగారి ముందు ప్రయోగం నెగ్గితే ఈ గుళికలతో చేసే మొదటి ఫిల్టర్ మా వీధికే అని పై అధికారులు అన్నారు.

ఆ ప్రయోగం చూపించే సభకు ముందురోజు మంత్రిగారి పీఏగారు ల్యాబుకు దయచేశారు. గాజుతొట్టెలో ఎర్రనీళ్లు చూసి అదిరిపడ్డారు.

"ఏమయ్యా, ఎరుపు తీసేస్తావా? ఎర్రజెండా వాళ్ల మద్దతుతోనే మేం కుర్చీలో ఉన్నాం!"

"నీలం కలపమంటారా సార్?"

"అది మా జెండా రంగు. సార్ చేత్తోనే మా పార్టీని తుడిచేయిస్తావా?"

"పోనీ, ప్రతిపక్షం రంగు?"

"వాళ్లకి ఊరికే పబ్లిసిటీ."

"నలుపు?"

"నల్లజెండాల బ్యాచ్ అనుకుని నిన్ను లోపలేస్తారు."

"మా వీధి నీళ్లే తెస్తాను సార్. వంకాయరంగు."

"మిల్లు ఓనరుగారు స్టేజీ మీదే ఉంటారు. ఆయన సరుకు ఆయన ముందే తీసిపారేస్తే ఏం బావుంటుంది?"

"మరి ఏ రంగు తీయమంటారు సార్?"

పీఏగారు కళ్లు మూసుకుని ఆలోచించారు. "ఏ రంగూ లేని నీళ్లు పెట్టు. ఎవరికీ నొప్పి ఉండదు."

ఇంతటి రాజనీతి మా సిలబస్‌లో లేదు.

మర్నాడు అద్దంలా మెరిసే మంచినీళ్ల ముందు మంత్రిగారు నిలబడ్డారు. ఫొటోలో నిండుగా కనిపించాలని గుళికల డబ్బా మొత్తం స్వహస్తాలతో బోర్లించారు. పీల్చడానికి రంగు దొరకని గుళికలు కాసేపటికి తమలో ఉన్న నాచు రంగును వదిలాయి. నీళ్లు చిక్కటి టీలా మారాయి.

 

"ఇదేంటయ్యా?" అన్నారు మంత్రిగారు.

"మంచినీళ్లలో దాక్కున్న మురికి సార్!" అని పీఏగారు మైకు అందుకున్నారు. "ఇన్నేళ్లూ ఎవరి కంటా పడలేదు. మీ చెయ్యి పడగానే భయపడి బయటికొచ్చింది!"

చప్పట్లు ఆగలేదు. మిల్లు ఓనరుగారు కళ్లు ఒత్తుకున్నారు. "మా నీళ్లే నయం సార్. ఏదున్నా పైకే కనిపిస్తుంది, దాపరికం లేదు."

"నిజాయితీ అంటే అదీ!" అని మంత్రిగారు తన మెడలో దండ తీసి ఆయనకు వేశారు. ఫిల్టర్ల పథకం అక్కడికక్కడే మంజూరైంది.

మొదటి ఫిల్టర్ మంత్రిగారి ఈతకొలనుకు వెళ్లిందని తెలిసి పీఏగారి గదికి వెళ్లాను.

"సార్, మా వీధికి ఎప్పుడొస్తుంది? పిల్ల రాత్రంతా గోక్కుంటోంది."

"అయ్యో పాపం. మీ నీళ్లకి రంగుందా?"

"ఉంది సార్. వంకాయరంగు అని చెప్పానుగా."

"అయితే రూల్ ఒప్పుకోదు. సభలో చూపించినట్టే, పథకం మంజూరైంది రంగులేని నీళ్లకే."

"మరి మేమేం చెయ్యాలి సార్?"

పీఏగారు కుర్చీలోంచి లేచి, సొంత అన్నయ్యలా నా భుజం మీద చెయ్యి వేశారు.

"ముందు మీ నీళ్లు శుభ్రం చేసుకుని రండి బాబూ. వెంటనే శుద్ధి చేసేద్దాం."