అంతరాత్మ ఉన్నవాడి కోసం గాలింపు

"నా శాఖలో అంతరాత్మ ఉన్నవాడు ఒక్కడున్నా సరే, రేపు సాయంత్రంలోగా పట్టుకుని తీరతాను!"

ఆరోగ్య మంత్రిగారు ఈ చారిత్రాత్మక ప్రకటన చేసేటప్పటికి ఆయన చొక్కా మీది సిమెంటు దుమ్ము ఇంకా దులపలేదు.

ఆ ఉదయం ఆయన కొత్త ఆస్పత్రి రెండో అంతస్తు ప్రారంభించాల్సి ఉంది. పైన నూట పది మంది చేరారు. ఇంతలో వార్డు తలుపు మీద ఒక కాగితం కనిపించింది. ఇంజినీర్లు దాచిన అసలు పరీక్ష రిపోర్టు. 'ఈ స్లాబు మంచాల బరువు కూడా మోయదు' అని ఉంది అందులో. జనం దిగిపోయారు. అందరికంటే ముందు దిగి దారి చూపింది మంత్రిగారే. అరగంటకి స్లాబు ఖాళీ మంచాలతో సహా కూలింది. ఎవరికీ చిన్న గీత కూడా పడలేదు.

అందుకే మంత్రిగారికి అంత కోపం. "స్లాబు పడితే అది ప్రమాదం. రిపోర్టు బయటపడితే అది ద్రోహం" అన్నారు. ఇంత సూక్ష్మమైన తేడా పట్టుకోగలిగే మంత్రి మనకు ఉండటం మన అదృష్టం.

నేను ఆయన శాఖలో స్టెనోని. ఎవరేమన్నా రాసుకోవడం నా పని. ముందు రోజు పెన్సిల్ చెక్కుతూ కోసుకున్న బొటనవేలికి ప్లాస్టర్ వేసుకునే ఇదంతా రాసుకున్నాను.

మధ్యాహ్నానికల్లా విచారణాధికారి ఫారంతో దిగాడు. ఏడో గడి: కాగితం అంటించినవారు. ఎనిమిదో గడి: రహస్య పత్రం బయటపెట్టిన నేరస్తుడు. తొమ్మిది: ఉద్దేశం. డబ్బు, పేరు, పదవి. ఏదో ఒకదానికి టిక్ పెట్టాలి.

మొదట పిలిచింది రికార్డు రూమ్ అక్కని.

"ఆ రిపోర్టు దాచిన బీరువా తాళం మీ దగ్గరేగా ఉండేది?"

"తాళం ఉంది సార్. బీరువాకే తలుపు లేదు. మూడేళ్లుగా రాస్తున్నాను పెట్టించమని."

"అది వేరే ఫైలు. ఎంత తీసుకున్నారు?"

"జనం బతకడానికి డబ్బెవరిస్తారు సార్?"

"పోనీ, పేరు కోసమా?"

"కాగితం మీద పేరు లేదుగా."

"పదవి?"

"ఇంకో నాలుగు నెలల్లో రిటైరవుతున్నా. నా పెన్షన్ నాకొస్తే అదే పదివేలు."

అధికారి తల పట్టుకున్నాడు. "ఏమయ్యా స్టెనో, మూడూ కుదరడం లేదే?"

"నాలుగో కారణం ఏదైనా ఉండొచ్చేమో సార్."

"ఫారంలో లేని కారణంతో ఎవడైనా ఎలా పని చేస్తాడయ్యా! ఈవిడ సస్పెన్షన్ ఆర్డరు టైపు చేసి పెట్టు. పెన్షన్ ఆపమని కూడా రాయి."

వార్డు తలుపు మీంచి పీకి తెచ్చిన ఆ కాగితం బల్ల మీద ఉంది. నాలుగు మూలలా నాలుగు ప్లాస్టర్ ముక్కలు. అక్క వాటిని చూసింది. తర్వాత నా వేలు చూసింది.

"ఏమైంది తమ్ముడూ?"

"తెగింది అక్కా."

"జాగ్రత్త" అని లేచి వెళ్లిపోయింది.

సాయంత్రానికి టీవీలన్నీ 'అజ్ఞాత ప్రాణదాత' అని ఊదరగొట్టాయి. పార్టీ అధ్యక్షుడు ఫోన్ చేసి మంత్రిగారిని అభినందించాడు. మంత్రిగారు అప్పటికప్పుడు 'అంతరాత్మ రత్న' అనే బిరుదు ప్రకటించారు. "అంతరాత్మ అనేది డబ్బు, పేరు, పదవి కంటే గొప్పది. అందుకే దానికి ఆ మూడూ ఇస్తున్నాం!"

మర్నాడు పొద్దున్నే ఆఫీసు ముందు క్యూ. అరవై మూడు మంది నేరం ఒప్పుకున్నారు. చీఫ్ ఇంజినీరు, దొంగ సర్టిఫికెట్ మీద సంతకం పెట్టినప్పటి నుంచీ తనకు అన్నం సయించడం లేదన్నాడు. కాంట్రాక్టరు అయితే ఒకే మాటతో అధికారిని కట్టిపడేశాడు. "కట్టిందే నేను. పడిపోతుందని నాకంటే బాగా ఎవడికి తెలుస్తుంది సార్?"

అధికారి అందరినీ ఒకటే అడిగాడు. "దేంతో అంటించావు?" కొందరు గమ్ అన్నారు. కొందరు టేపు అన్నారు. ఒకాయన మేకులు అన్నాడు.

చివరికి మంత్రిగారే వచ్చి కూర్చున్నారు. "ఇంక దాచలేను. అంటించింది నేనే."

"దేంతో సార్?"

"నమ్మకంతో."

అధికారి లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు.

"మరి అక్క?" అన్నాను నేను.

"ఏడో గడిలో మంత్రిగారు, ఎనిమిదో గడిలో ఆవిడ. అంటించడం సేవ, బయటపెట్టడం నేరం. ఈ మాత్రం తెలీదా?"

మూడో రోజు సన్మాన సభ. "విచారణ రిపోర్టు మొత్తం చదువు, ఒక్క అక్షరం వదలకు. పారదర్శకత కనిపించాలి" అని మంత్రిగారు స్వయంగా నాకు మైకు ఇచ్చారు. ఏడో గడి చదివాను. హాలు దద్దరిల్లింది.

ఎనిమిదో గడి దగ్గర తలెత్తి చూశాను. చివరి వరసలో అక్క, ఒళ్లో హ్యాండ్‌బ్యాగు రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. నాకింకా పద్దెనిమిదేళ్ల సర్వీసు ఉంది. ఇద్దరు పిల్లలు. అంతరాత్మ ఒకసారి పని చేసింది కదా, వారంలో రెండోసారి చెయ్యమంటే దానికీ కష్టమే.

"ఎనిమిది. రహస్య పత్రం బయటపెట్టిన నేరస్తుడు..." అన్నాను. "ఏడో గడిలో ఉన్నవారే."

"వినబడలేదు, పేరు చెప్పండి!" అని ఒక విలేకరి అరిచాడు. కెమెరాలన్నీ నా వైపు తిరిగాయి.

ప్లాస్టర్ వేలితో మైకు దగ్గరకు లాక్కున్నాను.

"గౌరవనీయ ఆరోగ్య శాఖ మంత్రిగారు."