లేని నొప్పికి మూడు గోలీలు

సిద్దిపేటలో తెలంగాణ రాష్ట్రం కోసం రిలే దీక్షలు నడుస్తున్న కాలం. రోజుకొక సంఘం టెంటులో కూర్చునేది. టీచర్లు, వకీళ్లు, కుమ్మరులు, మంగళ్లు అందరూ కూర్చున్నాక ఆ రోజు దర్జీల వంతు వచ్చింది. పొద్దున నాస్తా చేసి కూర్చుని సాయంత్రం నిమ్మరసం తాగి లేవడమే కనుక దర్జీల సంఘం అధ్యక్షుడు భిక్షపతికి ఆకలి గురించి బెంగ లేదు. బెంగంతా మైకు గురించే. ఏ సంఘం కూర్చుంటే ఆ సంఘం అధ్యక్షుడు మాట్లాడాలని శిబిరంలో ఆనవాయితీ. ఎంతటివారి నడుముకైనా టేపు చుట్టగల భిక్షపతి నలుగురి ముందు నోరు మాత్రం విప్పలేడు.

అందుకే ఆ పొద్దున నిద్ర లేస్తూనే తన నడుము పట్టుకున్నాడు. నొప్పి అని చెప్పి టెంటులో ఓ మూలన ఒరిగితే మైకు తప్పుతుందని అతని ఉపాయం. ముందుగా భార్య పోచవ్వ మీద ప్రయోగించి చూశాడు.

"నడుము లేవనిస్తలేదే," అన్నాడు.

పోచవ్వ వెంటనే నమ్మింది. గూట్లో ఉన్న జ్వరం గోలి తెచ్చి, "నొప్పులకు గూడ ఇదే. నా ముందట ఏస్కో," అని చెంబు పట్టుకుని నిలబడింది. వద్దంటే నొప్పి అబద్ధమని తేలిపోతుంది. భిక్షపతి మింగాడు.

అక్కడి నుంచి మహబూబ్ ఇంటికి బయలుదేరాడు. వీళ్లిద్దరిదీ ఒకటే దుకాణం. మీసాలు రాని వయసు నుంచీ ఎదురెదురు మిషన్ల మీద కుట్టుకుంటూ బతికారు. ఈ మధ్య మహబూబ్ మెట్ల మీద జారిపడి కుడిచేయి విరగ్గొట్టుకున్నాడు. డాక్టరమ్మ స్వరూప కట్టు కట్టి, నొప్పి గోలీలు రాసి, గట్టిగా హెచ్చరించింది. "ఇది రెండు మందులు కలిసిన గోలి. ఒకటి జ్వరానికి ఏసుకునేదే, ఇంకోటి మత్తుది. పొద్దుగాల ఒకటి, రాత్రి ఒకటి, గంతే. దీనిమీద వేరే గోలి ఏసుకోవద్దు, కల్లు ముట్టద్దు, ఎవ్వరికీ ఇయ్యద్దు." మహబూబ్ అక్షరం పొల్లుపోకుండా పాటిస్తున్నాడు.

భిక్షపతి వెళ్లేసరికి మహబూబ్ లోపల ఒంటిచేత్తో చొక్కాతో కుస్తీ పడుతున్నాడు. అతని భార్య జైనబ్ బీ ఇడ్లీల గిన్నె దించి, నడుము మీద చేయి వేసుకుని వంగి నడిచొస్తున్న భిక్షపతిని చూసింది.

"అరే, గింత దర్ద్ పెట్టుకొని దీక్షకు పోతున్నరా భాయ్? ముందుగాల ఇడ్లీ తినుండ్రి. మా ఆయన గోలి ఒకటిస్త, మస్తు పనిచేస్తది."

భిక్షపతి ఇడ్లీలు తిన్నాడు. గోలి కూడా మింగాడు.

దోవలో మహబూబ్ తన స్నేహితుడి నడక చూసి ఆగిపోయాడు. జేబులోంచి మరో గోలి తీశాడు.

"వద్దు భాయ్," అన్నాడు భిక్షపతి, ఈసారి నిజంగానే భయపడి. "ఎవ్వరికీ ఇయ్యద్దని డాక్టరమ్మ చెప్పింది గద."

మహబూబ్ ముఖం చిన్నబుచ్చుకున్నాడు. "ఎవ్వరికీ ఇయ్యద్దన్నది. నువ్వు నాకు ఎవ్వరో అయితవా?"

భిక్షపతి మింగాడు.

టెంటులో మెడలో దండ పడేసరికే అతనికి లోకమంతా మెత్తగా కనిపించసాగింది. నినాదాలు ఎక్కడో దూరంగా వినిపించాయి. శిబిరం నడిపే జయరాజ్ సారు మైకు అందుకుని, "ఇప్పుడు దర్జీల సంఘం అధ్యక్షుడు మాట్లాడతారు," అనగానే అధ్యక్షుడు మహబూబ్ భుజం మీదికి నెమ్మదిగా వాలిపోయాడు.

"దీక్షల కూసున్న భిక్షపతన్న సొమ్మసిల్లిండు," అని జయరాజ్ సారు మైకులోనే ప్రకటించాడు. ఆ వార్త పాత బస్టాండు చేరేసరికి భిక్షపతి నిన్నటి నుంచి మంచినీళ్లు ముట్టలేదు. కూరగాయల మార్కెట్ చేరేసరికి ఆమరణ దీక్షలో ఉన్నాడు. దుకాణాల షట్టర్లు దిగాయి. జనం శిబిరం ముందున్న చౌరస్తాలో బైఠాయించి, టైర్లు తగలబెట్టి, తొగుట బస్సును నిలిపేశారు. ఆ బస్సు వెనకాలే అంబులెన్సు కూడా ఆగిపోయింది. భిక్షపతి కోసం వస్తున్న అంబులెన్సును భిక్షపతి కోసం కూర్చున్న జనమే ఆపేశారు.

భుజం మీది శ్వాస అంతకంతకూ నెమ్మదించడం మహబూబ్‌కు తెలుస్తోంది. పిలిచినా పలకడం లేదు. డాక్టరమ్మ చెప్పిన మత్తుది అన్న మాట అతనికి ఇప్పుడు గుర్తొచ్చింది.

"సార్, గిది ఆకలి కాదు. నేనే గోలి ఇచ్చిన," అన్నాడు జయరాజ్ సారుతో.

ఆయన కంగారుగా చుట్టూ చూశాడు. "గిప్పుడు గా మాట ఎత్తకు. మీ సంఘం ఇజ్జత్ పోతది."

మహబూబ్ స్నేహితుడి తలను దండల మీద ఆనించి లేచాడు. మాట్లాడటంలో అతను భిక్షపతి కంటే ఘనుడేమీ కాదు. అయినా ఎడమచేత్తో మైకు లాక్కున్నాడు.

"ఈయన ఆకలితోని పడిపోలే. మా ఇంట్ల ఇడ్లీలు తినే వచ్చిండు. నా నొప్పి గోలి నేనిచ్చిన. ఇయ్యద్దని తెలిసీ ఇచ్చిన. తెలంగాణ ఇయ్యాల కాకుంటే రేపొస్తది. నా దోస్తు పోతే మల్ల రాడు. అంబులెన్సుకు తొవ్వ ఇడువుండ్రి."

ఎవరూ నవ్వలేదు. టైర్లు వేసినవాళ్లే వాటిని కర్రలతో పక్కకు నెట్టారు. ఆడవాళ్ల వరుసలోంచి జైనబ్ బీ ఏడుస్తూ వచ్చి, "నేను గూడ ఒకటిచ్చిన," అంది. వెనకాలే పరుగెత్తుకొచ్చిన పోచవ్వ, "జ్వరం గోలి నేనిచ్చిన," అంది. ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని అంబులెన్సు ఎక్కారు.

దవాఖానలో డాక్టరమ్మ భిక్షపతి కళ్లు, ఊపిరి చూసి, ఆక్సిజన్ పెట్టించి, మంచం పక్కనే కూర్చుంది. గండం గడిచిందని నమ్మకం కుదిరాకే తిట్టడం మొదలుపెట్టింది.

"నిజం చెప్పిన్రు కాబట్టి సరిపోయింది. ఆకలి అనుకుంటే గ్లూకోజ్ పెట్టి ఊకుందును. నీ కొలతకు రాసిన గోలి అది. నీకు కుట్టిన అంగీ ఆయన తొడుగుతడా?"

"తొడుగుతడమ్మా. మాది ఒకటే సైజు," అన్నాడు మహబూబ్ తల వంచుకుని.

"అంగీలది ఒకటే. గోలీలది కాదు. మిగిలినయి జైనబ్ బీ కాడ పెట్టు. జైనబ్ బీ, నువ్వు గూడ ఆయనకు తప్ప ఎవ్వరికీ ఇయ్యకు. దోస్తులకు అసలే ఇయ్యకు."

సాయంత్రానికి భిక్షపతి కళ్లు తెరిచాడు. మంచం చుట్టూ భార్య, స్నేహితుడు, స్నేహితుడి భార్య ఎర్రబడ్డ కళ్లతో నిలబడి ఉన్నారు.

"మైకు అయిపోయిందా?" అని అడిగాడు.

"అయిపోయింది. నేను మాట్లాడిన," అన్నాడు మహబూబ్.

భిక్షపతి అతని విరిగిన చేతి వైపు చూశాడు. "నాకు నడుము నొప్పి లేకుండె భాయ్. మైకుకు భయపడి చెప్పిన."

మహబూబ్‌కు కోపం రావలసిందే. రాలేదు. ఎడమచేయి చాపి స్నేహితుడి తల నిమిరాడు. "గా భయమేదో నాకు చెప్తే మైకు నేనే పట్టుకుందు గద," అన్నాడు. పోచవ్వ కొంగుతో ముఖం కప్పుకుని, ఏడుస్తోందో నవ్వుతోందో తెలియకుండా కూర్చుంది.

అంతలో జయరాజ్ సారు అరటిపండ్లతో లోపలికి వచ్చాడు. పొద్దుటి భయమంతా పోయి ముఖం వెలిగిపోతోంది. "మీ దోస్తానా ముచ్చటే ఊరంత చెప్పుకుంటున్నది. వచ్చే వారం పెద్ద సభ ఉన్నది. మహబూబ్ మాట విన్నం, ఇగ భిక్షపతన్న మాట ఇనాలె అంటున్నరు జనం. నీ పేరు రాసేసిన."

ఆ మాట వినగానే భిక్షపతి నడుము నిజంగానే కలుక్కుమంది. మంచం చుట్టూ ఉన్న, పొద్దున తలో గోలి ఇచ్చిన ముగ్గురి చేతుల వంక ఓసారి చూసి, తనకు చాలా హాయిగా ఉందని చెప్పాడు.