దవాఖానా నేల వాలుగనే ఉండాలె!

నేల మట్టంగ ఉండొద్దు! ఊరికెనే అంటలేను, అనుభవంతోని చెప్తున్న. ఈమధ్య ఫేస్‌బుక్‌ల ఎవలను చూసినా కొత్తింటి ఫొటోలే, చెక్క ఫ్లోరింగులే. "అన్నా, గోలీ వేస్తే కదలదు" అని గొప్పలు. కదలని గోలీతోని ఏం ఆడుకుంటరయ్యా?

మాది చర్ల అవతల అడివి ఊరు. తొంభై ఎనిమిదిల మాకో చిన్న దవాఖానా శాంక్షనైంది. ఒక్కటే రూము, ఒక్కటే చక్రాల మంచం. మా ఇంటామె ఆదెమ్మకు అప్పుడు ఏడో నెల. వానలు పడితే వాగు దాటి భద్రాచలం పోవుడు అయ్యే పని కాదు. కాన్పు ఆ రూముల్నే. అందుకని రోజూ పోయి పని చూసేటోన్ని.

కింద సిమెంటు బెడ్డు ముందే పోసి పోయిండ్రు. వానకాలం అది చెమ్మ కక్కుతదని, మీద దూలాలు పరిచి చెక్క నేల వెయ్యమన్నరు. ఇల్లందు నుంచి వడ్రంగి ఇన్నయ్య వచ్చిండు. ప్లాస్టిక్ పైపుల నీళ్లు పోసి ఈ గోడకూ ఆ గోడకూ పట్టి చూస్తే, బెడ్డు వాకిలి దిక్కు మూడించులు దిగి ఉంది.

"సారూ, దిగిన దిక్కు దూలాల కింద చెక్కముక్కలు పెట్టి లేపుత. ఒక్కపూట పని" అన్నడు.

పని చేయించే ఓవర్సీరు సారు ఆర్డరు కాగితం తీసిండు. "ఇందులో ఏముంది? దూలాలన్నీ నాలుగించుల ఎత్తు. అన్నీ సమానం. సమానమైన దూలాలేస్తే నేల సమానంగా రాక ఎటు పోతుందయ్యా?"

"బెడ్డే వాలుగుంది గద సారూ. నీళ్లు చెప్తున్నయి."

"నీళ్లు చెప్పినట్టు వినాలా, ఆర్డరు చెప్పినట్టు వినాలా?"

ఎంత పెద్ద ప్రశ్న! నీళ్లకు జీతం ఉందా? ట్రాన్స్‌ఫర్ ఉందా? వాటి మాట ఎవలు వింటరు?

ఆర్డరు ప్రకారమే నేల పడ్డది. చెకింగ్ రోజు ఇన్నయ్య నేల మీద రసమట్టం పెట్టిండు. అందుల బుడగ ఎత్తున్న దిక్కు, వెనక గోడకు ఉరికింది. సారు ఏం కంగారు పడలే. చెవికున్న పెన్సిలు తీసి రసమట్టం దిగిన కొస కింద దూర్చిండు. బుడగ నడిమిట్లకు వచ్చి కూసుంది!

"ఇప్పుడేమంటావ్?"

"ఇప్పుడు పెన్సిలు మట్టంగున్నది సారూ" అన్నడు ఇన్నయ్య.

నేల మట్టంగున్నదని ఊరి తరఫున ఒకరు సంతకం పెట్టాలె. తొమ్మిది దాకా చదివినోన్ని నేనొక్కన్నే. "రండి మెంబరు గారూ" అన్నడు సారు. వార్డు మెంబరునైనా అప్పటిదాకా నన్ను 'గారు' అన్నోడు లేడు. ఇంక ఆగుతనా?

"తమ్మీ, మీ ఇంటామె కాన్పు ఈడనే గద?" అని ఇన్నయ్య మెల్లగ అడిగిండు.

"సారు చూసిండు గదనే!" అని పెట్టేసిన. పొడుగు సంతకం, కింద రెండు గీతలు.

ఇంక ఆ నేలతోని లాభాలు వినుండ్రి. ఊడ్చే పని లేదు, చెత్త దానంతటదే వాకిట్లకు పోతది. మందు సీసా జారితే పేషెంటు కాళ్ల కాడికే వస్తది. లోపలికి పోవాలంటే ఎక్కాలె. ఎక్కగలిగినోనికి రోగం లేనట్టే, వాపస్ పంపొచ్చు! డిశ్చార్జి అంటరా? మంచం తోస్తే చాలు, పేషెంటు సగం దూరం ఇంటికి చేరినట్టే. కార్పొరేట్ దవాఖానల ఉందా ఈ సౌకర్యం?

ఇన్నయ్య పోయేముందు మంచం చక్రాలకు రెండు టేకు ముక్కలు అడ్డం పెట్టి పోయిండు. నాకు కోపమొచ్చింది. మట్టంగున్నదని నేను రాసిచ్చినంక అడ్డమెందుకు? నా సంతకానికి ఏం విలువున్నట్టు? నేనే పీకి వాగుల పారేసిన.

రెండు నెల్లకు కుండపోత వాన. ఆదెమ్మకు నొప్పులు మొదలైనయి. మంచం ఎక్కిచ్చుడే ఆలస్యం, వాకిలి దిక్కు బయలెల్లింది. నర్సు విశ్రాంతమ్మ సిస్టర్ వెనకనుంచి గుంజుతున్నది, నేను ముంగట కాళ్లు తన్నిపెట్టి ఆపుతున్న.

"ఎవడయ్యా ఈ నేల మట్టంగున్నదని రాసిచ్చినోడు? వాని చేతులు పడిపోను!" అని సిస్టర్ ఒర్రింది.

"గవర్నమెంటోళ్లు సిస్టర్! మన బాధ వాళ్లకేం తెలుసు!" అన్న.

ఆదెమ్మ నొప్పుల్లోనే ఒక చెయ్యి లేపి నా దిక్కు చూపించింది.

సిస్టర్ నన్ను కింద నుంచి మీది దాకా చూసింది. "మంచం ఇడువకు. కాన్పు కానీ, నీ సంగతి తర్వాత."

పావుగంటకు బిడ్డ పుట్టింది, మంచిగనే ఉంది. నేను మాత్రం పొద్దూకేదాకా మంచం ఇడువలే. పట్టుకున్నంతసేపే నాకు సేఫు!