నాలుగుగంటల కాఫీ విజయము

ఓ నలువది వాట్ల గుండు బల్బా! దూలమున వ్రేలాడుచు, ఈగలు పెట్టిన చుక్కలతో అలంకృతమై, తాకిన వేలినెల్ల చుఱ్ఱుమనిపించు ఓ గాజుగోళమా! నీకు మ్రొక్కెదను. నా నోట మాట తడబడకుండ కాపాడుము. అయితే ఈ కథ ముగియుదాక మాత్రమే వెలుగుము, ముగియగానే ఆరిపొమ్ము. ఊరక వెలుగుచుండుటకు ఇది నీ అత్తగారిల్లు కాదు.

వినుడు! కోలారు మండలమున, భూమిని పాతాళము ముట్టునట్లు తొలిచి, లోకమునకెల్ల బంగారమిచ్చి, తనకు మాత్రము దిబ్బలమీది దుమ్ము మిగుల్చుకొన్న గనుల పట్టణమొకటి గలదు. ఆ గనులను సర్కారువారు స్వహస్తములతో స్వీకరించి, నలువదేండ్లు నడపి, ఆ స్వహస్తములతోనే తాళము వేసిన మూడవ యేట, మండు వేసవిలో, ఒకానొక శనివారము సాయంకాలమున, రేకుల కప్పు క్రింద గోడకు గోడ యంటుకొనియున్న లైనిండ్లలో, పదునాలుగవ యింట జరిగిన ఘోరసంగ్రామమిది. అబద్ధమనువాడు ముందు పోయి తన యింటి బాత్రూము లైటు ఆర్పి వచ్చి, ఆపైన నాతో మాటాడవలెను.

ఆ యింటి యేలిక మునియప్ప. గని ముఖద్వారమున దీపాలగదిలో ముప్పదేండ్లు కొలువుచేసి, దినమునకు వందలాది తలదీపములను పంచి, వాటిలో ఒక్కదానినైనను పోగొట్టని దీపవితరణధురంధరుడు; వాన వచ్చినను, జ్వరము వచ్చినను, మేనేజరే వచ్చినను లెక్క తప్పని టోకెన్ ధర్మపరాయణుడు. ఆ ధర్మమేదియో యెఱుగనివారికి చెప్పెదను. గనిలోకి దిగువాడు దీపముతోబాటు తన నంబరు గల ఇత్తడి టోకెన్ పలకమీది మేకునుండి తీసుకొనును. పైకి వచ్చి దీపము నప్పగించి, టోకెన్ మరల మేకుకు తగిలించును. మేకు ఖాళీగా ఉన్నంతసేపు ఆ మనిషి లోపలనే యున్నట్లు లెక్క. వాడు ఎదుట నిలుచుండి బీడీ కాల్చుచున్నను లోపలనే యున్నట్లు.

అట్టి మహావీరునికి గని మూతపడిన పిదప వచ్చిన కష్టమేమనిన, నాలుగుగంటల కాఫీ ఆగిపోయినది. ఆపినది ఆయన ధర్మపత్ని సొన్నమ్మ. అరిగిన సబ్బుముక్కలను క్రొత్త సబ్బుకు అతికించి మూడు రంగుల సబ్బు సృజించునట్టిది, పేస్టు ట్యూబును కత్తెరతో నిలువునా చీల్చి వారము దినములు పండ్లు తోమించునట్టిది, సంత ముగియు వేళకు కూరలు చవుకయని రైలెక్కి బంగారుపేట పోవునట్టిది ఆ గృహవ్యయసంహారిణి. ఆమె ఒకనాడు తేల్చి చెప్పినది.

"పొద్దున ఒగ లోటా చాలు. సాయంత్రం కాఫీ ఇంగ బంద్."

హరి హరీ! ఆ నాటినుండి నాలుగు గంటలైనచో మునియప్పకు తల తిరుగును, చెవులు గుయ్యిమనును. పక్కింటి గంగప్ప కాఫీ కాచుకొను వేళకు గోడకు ముక్కానించి నిలుచుండి, డికాక్షన్ వాసన పీల్చి, కన్నులొత్తుకొనును. ముప్పదేండ్లు పాతాళద్వారమును కాచిన మొనగాని గతి అట్లయినది. ఇది చూచి నవ్వువారికి కాఫీ విలువ తెలియదని నేననెదను.

ఎనిమిదవ నాడు సొన్నమ్మకే జాలి కలిగినది. అయినను ఆమె జాలికి కూడ ఒక తూకము గలదు.

"చూడయ్యా, మనిషి లేని గదిలో లైటు ఎలిగేదే మన ఇంటికి పట్టిన శని. ఏడు దినాలు అట్ల ఎలగకుండా చూడు. నీ కాఫీ నీకు పోస్తాను. ఒక్కసారి ఎలిగినా దీపావళి దాకా కాఫీ మాటెత్తొద్దు."

మునియప్ప వయసుకాలమున లైన్ల నాటకములలో రాజు వేషము కట్టినవాడు. ఆవేశము వచ్చినచో ఆ భాష ఇప్పటికిని నోట పొంగును.

"ఓసీ సొన్నమ్మా! ముప్పది వత్సరములు అంధకారగర్భమున దీపమాలికలను పాలించిన ఈ బాహుదండములకు మూడు బల్బులొక లెక్కయా? ఏడవ దినమున సూర్యుడస్తమించుసరికి, నురుగు గట్టిన కాఫీలోటాతో నీవు నా యెదుట నిలువకున్న, నేను మునియప్పనే కాను!"

"సరే, సరే. అరవొద్దు, పక్కింటోళ్ళు వింటారు," అని సొన్నమ్మ చేట తీసుకొని బియ్యము చెరుగుటకు పోయినది.

అంతట ఆ వీరుడు బిస్కత్తు డబ్బా మూతను కత్తిరించి మూడు టోకెన్లు చేసి, మేకుతో నంబర్లు చెక్కి, వాకిటిగోడకు పలక బిగించి తగిలించెను. ఒకటవది నడింటికి, రెండవది బాత్రూమునకు, మూడవది వంటింటికి. లైటు వేయువాడు టోకెన్ తీసుకొని వేయవలెను, ఆర్పి మరల తగిలింపవలెను. టీవీకి మాత్రము టోకెన్ చేయలేదు.

"మరి నా సీరియలు?" అని అడిగినది చిక్కమ్మ. ఆమె సొన్నమ్మ తల్లి, డెబ్బదేండ్ల ముసలమ్మ, గనిలో దిగిన మనిషి భార్య.

"టీవీకి టోకెన్ లేదత్తా," అనెను అల్లుడు.

"టోకెన్ లేకపోతే కూడు కూడా లేదంటావేమో!" అని చిక్కమ్మ కొంగు విదిల్చుకొని గంగప్ప ఇంటికి పోయినది. నాటినుండి ఆమె సీరియలు అక్కడనే. ఈ ముక్క గుర్తుంచుకొనుడు, దీనివలననే కొంప మునిగినది.

మొదటినాడే ఒక దుర్ఘటన జరిగెను. బాత్రూములో వెలుగు చూచి, ఎవరో ఆర్పుట మరచిరని తలంచి, మునియప్ప వాకిలిప్రక్కనున్న స్విచ్చు టక్కున నొక్కెను. లోపల కంటినిండ సబ్బు పెట్టుకొన్న చిక్కమ్మ వేసిన కేక లైను చివరి దాక వినబడినది. అందుచేత సొన్నమ్మ ఇంకొక శాసనము చేర్చినది: టోకెన్ ఎవరి చేతనున్నదో వారే ఆర్పవలెను, ఇంకొకరు ఆర్పినచో కాఫీ హుళక్కి.

ఆరు దినములు గడచినవి. ఒక్క బల్బైనను ఒంటరిగా వెలుగలేదు. మునియప్ప నిద్రలోను చప్పరించుచుండెను.

ఏడవనాటి సాయంకాలము! సొన్నమ్మ బంగారుపేట సంతకు పోయి ఇంకను రాలేదు. మునియప్ప వాకిట చాపమీద పరుండి, కన్నులు మూసుకొని రానున్న లోటాకు స్వాగతము పలికి పలికి, కన్ను తెరచి యథాలాపముగా పలకవైపు చూచెను. ఒకటవ టోకెన్ ఉన్నది. మూడవది ఉన్నది. రెండవ మేకు బోసిగా నున్నది! బాత్రూము తలుపు సందున పసుపుపచ్చని వెలుగుగీత తళతళలాడుచున్నది!

లోపల అత్తగారేమో! అల్లుడు తలుపు తట్టరాదు గదా. మూడుమారులు దగ్గెను. బదులు లేదు. బకెట్టు చప్పుడు లేదు, మగ్గు చప్పుడు లేదు.

"అత్తా! లోపలుండావా?"

చీమ చిటుక్కుమనలేదు. అప్పుడా ధైర్యశాలి ముఖము ప్రక్కకు త్రిప్పుకొని, కన్నులు గట్టిగా మూసుకొని, గొడుగును ఖడ్గమువలె చాచి, దాని మొనతో తలుపును త్రోసెను. ఒక కన్ను కొంచెము తెరచెను. రెండవది కూడ తెరచెను. బకెట్టున్నది, మగ్గున్నది, మూడు రంగుల సబ్బున్నది. మనిషి లేదు. పైన బల్బు మాత్రము, తనకేమియు పట్టనట్లు, సర్కారు కరెంటును గటగట త్రాగుచు వెలుగుచున్నది!

వీరుడు స్విచ్చువైపు చేయి చాచెను. చాచిన చేయి చాచినట్లే నిలిచిపోయెను. ఆర్పినచో శాసనభంగము, ఆర్పకున్న ప్రతిజ్ఞాభంగము. అటు చూచిన కాఫీ లేదు, ఇటు చూచినను కాఫీ లేదు! అంతకంటె పెద్దమాట యొకటి గలదు. ముప్పదేండ్లలో టోకెన్ రాని మనిషి దీపమును ఆయన ఆర్పి ఎఱుగడు. లోపల మనిషి ఉన్నంతవరకు దీపాలగదివాడు ఇంటికి పోరాదు. ఆ నియమముకొఱకు పండుగలు వదులుకొన్నవాడు ఒక లోటా కాఫీకొఱకు తప్పునా? వ్రేలు స్విచ్చును తాకెను గాని నొక్కలేదు. ఆ క్షణమున మునియప్పకు నిజముగనే ఏడుపు వచ్చినది.

అంతలో సందు మొదట సొన్నమ్మ గొంతు వినబడెను. "వంకాయలు కిలో మూడు రూపాయలకే బేరమాడి తెచ్చినాను, చూడక్కా!" ఆ మాట దగ్గరపడుచున్నది. చెప్పుల చప్పుడు వాకిటికి వచ్చినది.

అప్పుడు మెఱసినది ఉపాయము! మనిషి లేని గదిలో లైటు వెలుగుట గదా తప్పు? మనిషి ఉన్నచో? తక్షణమే మునియప్ప గొడుగుతో సహా బాత్రూములోకి దుమికి, గడియపెట్టి, బకెట్టును బోర్లించి దానిపై ఆసీనుడయ్యెను.

సొన్నమ్మ వచ్చినది. సంచి దింపినది. మేకు చూచినది, వెలుగు చూచినది.

"ఎవురు లోపల?"

"నేనే."

"టోకెన్ నీ దగ్గరుండాదా?"

దీపముల విషయమున ఆ నోట అబద్ధము రాదు.

"లేదు."

"మరి యాడుండాది?"

"మీయమ్మ తీసింది."

"మాయమ్మ యాడుండాది?"

ఇక దారి లేదు. మునియప్ప బకెట్టుపై లేచి నిలిచి, గొడుగు పైకెత్తి, రేకుల కప్పు దద్దరిల్ల గర్జించెను:

"ఓహో, గృహరాజ్యలక్ష్మీ! వినుము దీపాలగది సనాతన ధర్మము! ఎవ్వని టోకెన్ మేకునకు తిరిగిరాలేదో, ఆ ప్రాణి లోపలనే యున్నట్లు లెక్క! ఇది నా మాట కాదు, గని మాట! నీ జనని టోకెన్ తిరిగిరాలేదు! కావున నీ జనని ఈ బాత్రూములోనే యున్నది! కావున ఈ గది ఖాళీ కాదు, ఎన్నడును ఖాళీ కాలేదు! నా కాఫీ నాకు చెల్లవలెను!"

పిదప సొన్నమ్మ మెల్లగా అడిగినది.

"అంటే... మాయమ్మా నువ్వూ, ఇద్దురూ బాత్రూములో ఉండారా?"

లైనిండ్ల గోడలు సన్నవి. పక్కింట టీవీ గొంతు తటాలున తగ్గినది. గోడ అవతలనుండి గంగప్ప కంఠము వినబడెను.

"ఏమప్పా మునియప్పా! ఏం మాటలప్పా అవి? మీయత్త ఈడ మా ఇంట్లో కూచోనుండాది కదప్పా!"

ఆ మాట ముగియకమునుపే చిక్కమ్మ సుడిగాలివలె వచ్చి పడినది.

"ఎవుడ్రా నన్ను బాత్రూములో పెట్టింది? నేను యాడుండానో నాకు తెలీదా? సిగ్గులేదా అల్లుడా? ఊరంతా వింటా ఉండాది!"

"అమ్మా, టోకెన్ యాడ పెట్టినావు?" అని సొన్నమ్మ ఆపినది.

చిక్కమ్మ కొంగుముడి విప్పినది. అందులో తళుక్కుమన్నది రెండవ నంబరు టోకెన్!

"కాళ్ళు కడుక్కుంటా ఉంటే గంగప్పోళ్ళింట్లో సీరియలు పాట మొదలయింది. పొయ్యినాను. టోకెన్ వదిలిపెట్టి పోతానా? పని అయ్యేదాకా టోకెన్ ఒంటిమీద నుంచి తీయగూడదని మీ నాయన పాతికేండ్లు చెప్పినాడు కదా! అది పోగొట్టినోనికి అరదినం కూలి కోసేవాళ్ళు. అందుకే ముడేసుకున్నాను. నాదేం తప్పు?"

అని ఆ గనికార్మికపత్ని సగర్వముగా టోకెన్‌ను రెండవ మేకుకు తగిలించి, సీరియలు ఇంకను అయిపోలేదని మరల పరుగెత్తినది.

అప్పుడు సొన్నమ్మ గడపమీద కూలబడినది. మొదట భుజములు కదలినవి. తరువాత నవ్వు వచ్చినది. ఆగలేదు. సంచిలోని వంకాయలు దొర్లిపోవుచున్నను ఆగలేదు. గనికి తాళము పడిన నాటినుండి ఆ యింట అట్టి నవ్వు వినబడలేదు. బకెట్టుపై నిలిచిన మునియప్ప ఆ నవ్వు విని కాఫీ సంగతి కూడ ఒక క్షణము మరచెను. ఒక క్షణమే సుమా!

"ఇంగ చాలు, బయటికి రాయ్యా," అనినది సొన్నమ్మ కన్నులు తుడుచుకొనుచు. "పోస్తాను రా, నీ కాఫీ."

గడియ తీసి, గొడుగు చంకనిడుకొని, విజయరథము దిగినట్లు వీరుడు వెలువడెను. స్టవ్వు వెలిగినది. డికాక్షన్ దిగినది. పాలు పొంగినవి. పొడుగు లోటానుండి గిన్నెలోకి, గిన్నెనుండి లోటాలోకి మూరెడు ధార సాగినది. నురుగుతో నిండిన లోటా మునియప్ప చేతికి వచ్చినది. ఆయన దానిని కన్నులకద్దుకొని, పెదవికానించి, మొదటి చుక్క పీల్చి, తృప్తిగా తలయెత్తెను.

తలుపు సందున పసుపుపచ్చని వెలుగుగీత!

అయ్యో, చిక్కమ్మ టోకెన్ తగిలించినదేగాని లైటు ఆర్పలేదు. మునియప్పయు గర్వమదమున ఆర్పకయే వచ్చెను. టోకెన్ మేకుమీద నున్నది, గది ఖాళీగా నున్నది, లైటు వెలుగుచున్నది! దీపావళి ఇంకను ఆరు నెలలున్నది! సొన్నమ్మ అటు తిరిగి స్టవ్వు తుడుచుచున్నది. తిరిగిన మరుక్షణము లోటా పోవును. చెప్పవలెనా? త్రాగవలెనా?

త్రాగెను! సలసల కాగుచున్న ఆ కాఫీని ఒక్క గుక్కలో, ఊపిరి బిగబట్టి, కన్నులనుండి నీరు కారగా, అడుగు నురుగుతో సహా త్రాగెను. నాలుక కాలెను. అంగిలి కాలెను. లోటా ఖాళీ అయ్యెను.

సొన్నమ్మ ఇటు తిరుగకుండనే అనినది.

"నిదానంగా తాగొచ్చు కదయ్యా, నాలిక కాల్తాది. ఆ లైటు నేను పాలు పెట్టేటప్పుడే చూసినాను. పోయి ఆర్పు, పో."

మునియప్ప కాలిన నాలుకతో పలకకడకు పోయి, రెండవ టోకెన్ విధిగా తీసుకొని, స్విచ్చు నొక్కి, టోకెన్ విధిగా తగిలించెను. పలకమీద మూడు టోకెన్లును తళతళలాడినవి. లోపల ఎవ్వరును లేరు.

వినుడో జనులారా! ఈ విధముగా మునియప్ప నాలుగుగంటల కాఫీని ఆరున్నరకు గెలిచెను. దాని రుచి ఎట్లున్నదో ఆయనకు తెలియలేదు, రేపు తెలియును. ఈ గాథను శ్రద్ధతో చదివినవారి ట్యూబులలో పేస్టు తరుగకుండుగాక, పాలు విరుగకుండుగాక, అత్తగార్లు టోకెన్లు తిరిగి ఇచ్చెదరుగాక! బల్బా, నీ పని అయినది. నేను ఆర్పుచున్నాను.