బర్దలేహోల పుట్టిల్లు

ప్రపంచంలో ఉన్న పదకొండు వేల నాలుగు వందల పన్నెండు మంది బర్దలేహోలకూ తమ ఊరే పుట్టిల్లని మేయర్ ఎవరిస్తో పేరెస్ చర్చి మెట్ల మీద నిలబడి ప్రకటించాడు. ఊరి పేరు బర్దలేహో, ఇంటిపేరూ బర్దలేహోయే. ఇంకా సాక్ష్యం అడిగేవాడు స్పెయిన్‌వాడే కాడన్నాడు. అరవై ఒక్కమంది జనాభాలో పందొమ్మిది మంది వచ్చి చప్పట్లు కొట్టారు. మిగిలినవాళ్లు ద్రాక్షతోటల్లో ఉన్నారు.

ఎవరిస్తో ఇరవై రెండేళ్లుగా ఎదురు లేకుండా గెలుస్తున్న నాయకుడు. మెక్సికోలో ఎందరు బర్దలేహోలున్నారో, అర్జెంటీనాలో ఎందరో ఆయనకు కంఠతా వచ్చు. ఫిలిప్పీన్స్‌లో ఒక పళ్ల డాక్టరునూ స్వయంగా కనిపెట్టాడు.

‘ఇంటిపేరుకు పుట్టిల్లు’ అన్న బిరుదు ఇవ్వడానికి ప్రభుత్వంలో పైవాళ్లు ఒకే షరతు పెట్టారు. ఆ ఇంటిపేరున్నవాళ్లు యాభైమందైనా ఊళ్లో నివాసులై ఉండాలి.

“మనకెందరున్నారు?” అని ఎవరిస్తో పంచాయతీ కార్యదర్శి ఓర్తెన్సియాను అడిగాడు.

“ఒక్కరూ లేరండి.”

“సరిగ్గా చూశావా?”

“ఉన్నవే అరవై ఒక్క పేర్లు. రెండుసార్లు చూశాను. తమరితో కలిపి పేరెస్‌లే ఇరవై మూడు.”

“పోనీ, శ్మశానంలో?”

“అక్కడా లేరండి.”

ఎవరిస్తో వెంటనే కారణం కనిపెట్టాడు. “వినయం. మన పెద్దలకు వినయం ఎక్కువ. ఊరి పేరు పెట్టుకోవడానికి జంకి ఉంటారు.”

దేశమంతా ఉత్తరాలు వెళ్లాయి. ఆగస్టు జాతరకు డెబ్బై మూడు మంది బర్దలేహోలు దిగారు. కాల్చిన గొర్రెమాంసం తిన్నారు, ఊరి కుళాయిని ముద్దుపెట్టుకుని ఏడ్చారు. కన్నీళ్లు ఆరకముందే ఎవరిస్తో అందరిచేతా నివాస పత్రాల మీద సంతకాలు పెట్టించాడు. ఇరవై ఆరుగురికి తన గొర్రెల కొట్టమే చిరునామాగా ఇచ్చిన ఉదారుడు.

“మేయర్ గారూ, నివాసులంటే ఓటర్లు కూడానండి. మేలో ఎన్నికలు,” అంది ఓర్తెన్సియా.

“పిచ్చిదానా, ఊరు చూపించింది నేను. నాకు కాక ఎవరికేస్తారు?”

బిరుదు వచ్చింది. చర్చి గోడకు నీలం పెంకుల ఫలకం ఎక్కింది. మే నెలా వచ్చింది. బిల్బావు నగరం నుంచి జాతరకు వచ్చి సంతకం పెట్టిన ఇన్యాకి బర్దలేహో అనే టాక్సీ డ్రైవరు నామినేషన్ వేశాడు. అతనికి డెబ్బై మూడు ఓట్లు పడ్డాయి, ఎవరిస్తోకు యాభై ఎనిమిది.

“రక్తం పిలిచింది, టాక్సీ తిప్పుకుని వచ్చేశాను,” అన్నాడు కొత్త మేయర్, విలేకరితో.

ఆ మాట మర్నాడు పేపర్లో చదివాక ఎవరిస్తోకు ఊళ్లో ఊపిరాడలేదు. పెట్టె సర్దుకుని వయ్యదోలీద్‌లో చెల్లెలింటికి చేరాడు. కాలక్షేపానికి వీధి చివరి బారుకు వెళ్లాడు. అక్కడ డొమినో పందేలకు పేర్లు రాసుకుంటున్నారు.

“తమరి పేరు?” అన్నాడు బారు యజమాని సుద్దముక్క పట్టుకుని.

“ఎవరిస్తో పేరెస్.”

“అయ్యో, పేరెస్‌లు ఇప్పటికే నలుగురున్నారండి. ఎవరు గెలిచారో తెలియక కొట్టుకుంటారు. ఏ ఊరు మనది?”

ఎవరిస్తో చెప్పాడు. యజమాని తలూపి పలక మీద రాసుకున్నాడు: ఎవరిస్తో బర్దలేహో.

ఎవరిస్తో ఆ అక్షరాల వైపు చాలాసేపు చూశాడు. చెరపమని మాత్రం అనలేదు. కుర్చీ లాక్కుని, “బిళ్లలు ఎవరు కలుపుతున్నారు?” అని అడిగాడు.