మావగారి ఎదుట ప్రెసిడెంటు

కోడలు మావగారి ఎదుట కుర్చీలో కూర్చోవచ్చా, కూడదా అన్న తగవు పరదేశి ఇంట్లో నిన్నటి నుంచి సాగుతూనే ఉంది. అన్నాలు చల్లారిపోతున్నాయని ఆయన భార్య అచ్చియ్యమ్మకి విసుగ్గా ఉంది. కోడలు ఝాన్సీ ఊరికి సర్పంచి కావడం వల్ల వచ్చిన చిక్కిది. లేకపోతే ఆ ఇంట్లో ఆడవాళ్లు తరతరాలుగా నిలబడే ఉన్నారు, కూర్చున్నవాళ్లకి ఏ ఇబ్బందీ కలగలేదు.

చోడవరానికి కూతవేటు దూరంలోని ఆ పంచాయతీలో అధికార మార్పిడి ఎంత ప్రశాంతంగా జరిగిందంటే, జరిగినట్టే ఎవరికీ తెలియలేదు. ఏళ్ల తరబడి ప్రెసిడెంటుగా వెలిగిన పరదేశి, తొంభై అయిదులో సీటు ఆడవాళ్లకి రిజర్వు కాగానే, పదవీకాంక్ష లేని మనిషి గనక, కోడలి చేత నామినేషను వేయించాడు. గెలిచాక దండ మాత్రం తాను వేయించుకున్నాడు.

ఆఫీసులో ప్రెసిడెంటు కుర్చీ ఒక్కటే. మావగారుండగా కోడలు కూర్చోదు. కుర్చీ ఖాళీగా ఉంటే ప్రజాస్వామ్యానికి ముప్పు. అందుచేత పరదేశి త్యాగం చేసి అందులో కూర్చున్నాడు. ఝాన్సీ గోడవార నిలబడింది. నియంతృత్వం తలెత్తకుండా అధికారాలు కూడా పంచేశారు. నిర్ణయం మావగారిది, రబ్బరు స్టాంపు కొడుకు ఉదయ్‌కుమార్ జేబులో, సంతకం కోడలిది. అన్నీ ఒక్కరి చేతిలో పెడితే దేశానికి ప్రమాదమని పరదేశి ఉపన్యసించగా మెంబర్లు చప్పట్లు కొట్టారు. ఇంత అణకువ గల సర్పంచి ఈ చుట్టుపక్కల మండలాల్లో లేదని ఊరు మెచ్చుకుంది. ఆ అణకువ నేర్పిన అత్తగారు అచ్చియ్యమ్మ కూడా మురిసిపోయింది.

అంతలో, చెరకు బళ్లు ఆగే పంచాయతీ జాగాని పరదేశి మేనల్లుడి కోళ్ల ఫారానికి లీజుకిచ్చే తీర్మానం వచ్చింది.

"మరి బళ్లెక్కడ ఆపుకుంటారు మావయ్యా?" అని ఝాన్సీ అడిగింది.

గోడవార నిలబడి అడిగింది గనక అది ప్రెసిడెంటు ప్రశ్న కిందకి రాదని పరదేశి తేల్చేశాడు. అయితే వచ్చే మీటింగులో కూర్చునే అడుగుతానంది ఝాన్సీ. తగవు అక్కడ మొదలైంది.

"నువ్వైనా సెప్పవే," అన్నాడు పరదేశి భార్యతో. "జాగాదేటుంది, ఈ రోజు కాపోతే రేపిస్తాం. కోడలు కూకుంటే ఇంటి మరేద ఏటైపోద్ది?"

అచ్చియ్యమ్మ కోడలి పాదాలకేసి చూస్తోంది. ఏడో నెల. మీటింగు నుంచి వచ్చినప్పుడల్లా వాచిపోయి చెప్పుల్లో పట్టడం లేదు. రాజ్యాంగం ఆవిడకి తెలియదు. నిండు నెలల్లో తన మావగారి ముందు తనూ ఇలాగే నిలబడింది. అప్పుడూ ఊరు మెచ్చుకుంది. ఆ మెప్పుతో నడుం నొప్పి తగ్గలేదు.

ఊరంతా ఓట్లేసి ఇవ్వలేకపోయిన కుర్చీని, ఎవరూ ఓటెయ్యని అత్తగారు, అందరి కంచాల్లోనూ మజ్జిగ పోస్తూ, గొంతు పెంచకుండా ఇచ్చేసింది.

"రేపట్నుంచి ఝాన్సీ కూకుంటాది. మీరూ రండి. జనం కూకున్న కాడ సాప ఏయిస్తాను."